వెనక వసారాలో పద్నాలుగు గుంటలు

ఆ ఫోను కొంచెం దగ్గరగా జరుపు తల్లీ. గట్టిగా మాట్లాడే ఓపిక లేదు, మాట్లాడే వీలూ లేదు. పక్క గదిలో మీ నాన్నకి మీటింగు, మేడ మీద మీ అమ్మకి మీటింగు. కుక్కరు విజిలు కూడా రెండు మీటింగుల మధ్య ఖాళీ చూసుకుని వేయించాల్సిన కాపురం అయిపోయింది మనది.

ఆరు నెలలు ఉండి పోదామని ఈ చలిదేశానికి, మీ నేస్ ఊరికి వచ్చాను. ఇది రెండో వేసవి. వేసవి అని మీరంటారు, నేనింకా స్వెట్టరు విప్పలేదు. మొదట్లో కరోనా అని రెండు కిలోమీటర్లు దాటొద్దన్నారు, తర్వాత ఐదన్నారు. నాకు రెండైనా ఐదైనా ఒకటే, ఈ వీధి చివర మలుపు దాకా నడిచేసరికి మోకాళ్ళు ఇంటికి పదమంటాయి. టిక్కెట్టు కొంటారు, విమానం రద్దవుతుంది. మళ్ళీ కొంటారు, మళ్ళీ రద్దు. ఇప్పుడు సూట్‌కేసు సర్దడం మానేశాను. అందులోంచే చీర తీసి కట్టుకుంటాను, ఉతికి మళ్ళీ అందులోనే పెడతాను.

మా పాత బడి గురించి, దాన్ని బాగుచేసే ఇంజినీరు అమ్మాయికి కావలసినవన్నీ మొన్ననే పంపించాం. తలుపు ఎటు తెరుచుకునేది, కిటికీకి ఊచలు ఎన్ని, వాననీళ్ళు ఎటు పోయేవి, అన్నీ. ఆ అమ్మాయికి అక్కర్లేనివి నా దగ్గర మిగిలిపోయాయి. అవి చెప్పమన్నావు నువ్వు. నేను చెప్తే ఫోను అక్షరాలు వేస్తుందట, తప్పులు మీ అమ్మ దిద్దుతుందట. సరే. దిద్దేటప్పుడు మా అన్నయ్య గురించి నేనన్న మాటలు తీసెయ్యొద్దని మీ అమ్మకి చెప్పు.

మాది యానాం. మ్యాపులో చూపించమంటే నీ వేలు కాకినాడ దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. అంత చిన్న ఊరు. పక్కన గోదావరి. చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ ఇంగ్లీషు వాళ్ళ కింద ఉంటే మా ఊరొక్కటీ ఫ్రెంచి వాళ్ళ కింద ఉండేది. అందుకని మాకు ఫ్రెంచి బడి. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు నువ్వు తింటున్న టోస్టు పక్కన పెట్టేశావు.

"వెయిట్, అమ్మమ్మా, యు హ్యావ్ ఫ్రెంచ్? నా హోంవర్క్ అంతా నేనే చేశాను కదా, వై డిడ్‌న్ట్ యు సే?"

"నాకొచ్చింది కూర్చో, లేచి నిలబడు, నోరు మూసుకో. వీటితో నీ హోంవర్కు అవుతుందా?"

"గ్రాండ్. మా టీచర్ కూడా అవే చెప్తుంది."

బడి ముందు భాగం గొప్పగా ఉండేది. లావుపాటి గుండ్రటి స్తంభాలు, మనిషి మీద మనిషి నిలబడ్డా అందని తలుపులు. ఆఫీసు అక్కడ, పెద్ద మగపిల్లల క్లాసులు అక్కడ. ఊరికి చుట్టాలొస్తే అదే చూపించేవాళ్ళు. మాలాంటి వాళ్ళకి వెనకాల రెండు గదులు. పైన పెంకులు, ముందు వసారా. చిన్నపిల్లలూ, ఆడపిల్లలూ అక్కడ. ఆ గదులకి ఫొటో ఎవరూ తియ్యలేదు. ఎవరు తీస్తారు? పెళ్ళివారిని కూర్చోబెట్టే గదిలో కుర్చీలకి ఉన్న విలువ పెరట్లో పీటకి ఉంటుందా?

నేను చదివిన చదువంతా ఆ వెనక గదిలోనే. ఫ్రెంచి వాళ్ళు వెళ్ళిపోయిన ఏడాది బడి ఎలా నడుస్తుందో, ఏ భాషలో నడుస్తుందో ఎవరికీ తెలియలేదు. ఆ సందట్లో మా నాన్న నన్ను మాన్పించేశాడు. అన్నయ్యని కాకినాడ పంపాడు. అన్నయ్యకి ఆ తర్వాత హైస్కూలుంది, కాలేజీ ఉంది, గోడకి తగిలించిన డిగ్రీ ఉంది. నాకు ఆ గదొక్కటే. దాన్ని కొట్టేస్తారని తెలిసినప్పుడు నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే. మీ అమ్మ మాత్రం టీ ఎక్కువ తాగుతున్నావంది.

కొట్టేయడం సంగతి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆ బడిలో చదివినవాళ్ళం, మిగిలినవాళ్ళం, ఒక గ్రూపులో ఉంటాం. ఇదివరకు పొద్దున్నే గుడ్ మార్నింగ్ అంటూ పువ్వులు వచ్చేవి. ఈ ఏప్రిల్ నుంచి పువ్వుల బదులు దండలేసిన ఫొటోలు రావడం మొదలైంది. పొద్దున్నే ఫోను తెరవాలంటే చెయ్యి వచ్చేది కాదు. అలాంటి ఒక రోజు రెండు దండల ఫొటోల మధ్యన ఈ వార్త వచ్చింది. ముందు భాగం పాతది కాబట్టి బాగుచేసి ఉంచుతారట. వెనక గదులు ఈమధ్య కట్టినవి కాబట్టి పడగొట్టి, చూడ్డానికి వచ్చేవాళ్ళ బస్సులు ఆపుకునే చోటు చేస్తారట.

ఈమధ్య కట్టినవా? అక్కడ కూర్చుని నేను పలక మీద దిద్దుకున్నాను కదా?

ఎందుకలా అనుకున్నారంటే, అక్కడ గోడకి పాలరాతి ఫలకం ఉంది. 'మా తల్లిదండ్రుల జ్ఞాపకార్థం ఈ తరగతి గదులు నిర్మించి ఇచ్చినవారు' అని చెక్కి, కింద పేరు, సంవత్సరం. ఆ పేరు మా అన్నయ్యది. సంవత్సరం మీ అమ్మ పుట్టాక చాలా ఏళ్ళకి.

అన్నయ్య గదులు కట్టలేదు. పెంకులు పగిలి కురుస్తుంటే తీయించి రేకులు వేయించాడు. గోడలకి సున్నం గీకించి సిమెంటు పూయించాడు. వసారాలో పాత గచ్చు మీద నున్నటి టైల్సు వేయించాడు. మంచి పనే, కాదనను. కానీ మా వైపు గుడికి ఫ్యాను ఇచ్చినా మూడు రెక్కల మీదా పేరు రాయిస్తారు, తిరిగినంతసేపూ ఎవరికీ కనబడదు, అయినా రాయిస్తారు. ఫలకం చెక్కేవాడు 'బాగుచేయించి' అని చెక్కనా, 'నిర్మించి' అని చెక్కనా అని అడిగాడట. పక్కనున్న నలుగురూ నిర్మించి అంటేనే నిండుగా ఉంటుందన్నారట. ఇది అన్నయ్యే నాకు గొప్పగా చెప్పాడు, అప్పట్లో. ఇప్పుడు గవర్నమెంటు ఆఫీసువాళ్ళు వచ్చి ఆ ఫలకం చదువుకుని, ఇవి కొత్తవే కదా అని రాసుకుపోయారు.

అన్నయ్యకి ఫోన్ చేశాను.

"నీకెందుకే ఈ గొడవ? ఆ చలిలో దుప్పటి కప్పుకుని కూర్చోక," అన్నాడు.

"కూర్చునే ఉన్నానురా అన్నయ్యా, ఏడాది నుంచి. ఆ ఫలకం సంగతి నువ్వొక్క మాట చెప్తే ఆగిపోతుందిగా."

"ఏం చెప్పాలి? ఊళ్ళో అందరి ముందూ నేను కట్టలేదు, అబద్ధం చెక్కించానని చెప్పాలా? అమ్మా నాన్నల పేర్లున్నాయి దాని మీద."

"అమ్మా నాన్నలకి తెలుసుగా ఎవరు కట్టారో."

"నోరు పెరిగిందే నీకు, విమానమెక్కాక," అని పెట్టేశాడు.

కోపం రాలేదు నాకు. రావడానికి కూడా సత్తువ ఉండాలి. ఇక్కడ చూస్తే గోడకవతల ముసలావిడ ఒక్కతే ఉంటుంది, కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది, నేనూ ఊపుతాను. అక్కడ చూస్తే ఒక్కగానొక్క అన్నయ్య. డెబ్బై దాటాక, మనుషులు ఇలా రాలిపోతున్నప్పుడు, రెండు గదుల కోసం అతన్ని నలుగురిలో నిలబెట్టనా? వద్దులే అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి వెల్లుల్లి ఒలిచాను. మీ అమ్మ వచ్చి, ఇంత వెల్లుల్లి ఎందుకమ్మా అంది. ఎందుకో నాకూ తెలియదు.

పాత కట్టడాలు బాగుచేసే ఇంజినీరు అమ్మాయి పాండిచ్చేరిలో ఉంటుంది. లాక్‌డౌను వల్ల యానాం రాలేక, పాత విద్యార్థులతో వీడియో మీటింగు పెట్టమంది. ఆ పొద్దున నువ్వే నాకు కంప్యూటరు తెరిచిపెట్టావు, జుట్టు దువ్వుకోకుండా. గుర్తుందా, ఎలా జరిగిందో? ఆ అమ్మాయి అడిగింది ఒక్కటే. వెనక గదులు ఫ్రెంచి వాళ్ళ కాలంలో ఉన్నాయా, ఉంటే ఏం ఆనవాలు, అని. మన వాళ్ళు సభ మొదలుపెట్టారు. మా గ్రూపు కార్యదర్శి, డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన ఆయన, ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని ఉండగా ఒక్కొక్కరినీ వేదిక మీదకి ఆహ్వానించాడు. "పెద్దలు, దాత, మా అందరికీ అన్నగారు వేదికను అలంకరించాల్సిందిగా కోరుతున్నానండి, ఆయ్," అన్నాడు. మా అన్నయ్య తన కుర్చీలోంచి లేచి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు.

"అమ్మమ్మా, వేర్ ఈజ్ ద వేదిక?" అని నువ్వు చెవిలో అడిగావు.

పోయినవాళ్ళకి మౌనం పాటించాం. ఎవరింట్లోనో కోడి కూసింది. తర్వాత ఇంజినీరు అమ్మాయికి స్వాగతం, ఆ అమ్మాయి గురువులకి కృతజ్ఞతలు, బడి గొప్పతనం మీద ఒకాయన పద్యం. అది డబ్బు కట్టకుండా వాడే మీటింగు, కాసేపటికి దానంతట అదే తెగిపోతుందట. వందన సమర్పణ మొదలవుతుండగా తెగిపోయింది. ఆ అమ్మాయి ప్రశ్న అలాగే ఉండిపోయింది. నువ్వు నవ్వి నవ్వి సోఫా మీంచి జారిపడ్డావు. నాకు నవ్వు రాలేదు. వెనక గదుల సంగతి వచ్చే వారంలోగా తను ఆఫీసుకి రాసి పంపేయాలని ఆ అమ్మాయి ముందే చెప్పింది మరి.

రెండో మీటింగు దాకా నేను నీతో ఆడిన ఆట గుర్తుందిగా. అదే వామనగుంటలు. ఇక్కడ చింతపండు గింజల్లేకుండా అచ్చులుగా వస్తుంది, అందుకని ప్రెస్‌లోంచి శెనగల డబ్బా తీశావు. ప్రెస్ అంటే అలమర అని నాకు నువ్వే నేర్పావు. కోడిగుడ్ల అట్టలో పన్నెండు గుంటలు, ఇంకో రెండు చాలకపోతే పాలసీసా మూతలు. అటు ఏడు, ఇటు ఏడు. ఒక గుంటలో గింజలు తీసి వరసగా ఒక్కొక్కటే పంచుకుంటూ పోవడం. మూడు ఆటలకి నువ్వు నన్ను ఓడించడం మొదలుపెట్టావు.

ఆ ఆట నాకు నేర్పింది మా అమ్మ కాదు, మా బడి మదాం. పాండిచ్చేరి నుంచి వచ్చిన తమిళావిడ, మాకు ఫ్రెంచి చెప్పేది. చీర మీద బూట్లు వేసుకునేది. ఒక ఎండాకాలం వసారాలో గచ్చు పాడైతే తవ్వేసి కొత్తగా వేశారు. సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి గానుగలో తిప్పి, పరిచి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కలతో కొట్టి కొట్టి, చివర్లో రాయితో నున్నగా రుద్దేవాళ్ళు. బడి ముగిసేసరికి ఇంకా పచ్చిగానే ఉంది. మదాం ఇంటి నుంచి గుండ్రటి ఇత్తడి గరిటె తెప్పించింది. తాపీమేస్త్రి చేతికిచ్చి, అంచున రెండు వరసల్లో గుంటలు నొక్కమంది. ఆ మేస్త్రి తెల్లబోయాడు. దొరలు తిడతారమ్మా అన్నాడు.

"దొర ఇంతవరకు వెనక్కి వచ్చి చూశాడా?" అంది మదాం. "పిల్లలు మధ్యాహ్నం ఎండలో పరిగెత్తి నల్లబడిపోతున్నారయ్యా. వీళ్ళ అమ్మలు నన్ను తిడుతున్నారు. నొక్కు."

నొక్కాడు. ఆరాక అద్దంలా ఉండేవి. మధ్యాహ్నం గంట కొడితే మేం వెళ్ళి కూర్చునేవాళ్ళం. మా అన్నయ్య ముందు భవనంలో పెద్ద క్లాసు. ఆడపిల్లల ఆట అని వెక్కిరిస్తూనే వచ్చి కూర్చునేవాడు, మోకాలి కింద గింజలు దాచేవాడు. మదాం వాళ్ళ ఊరి పద్ధతి వేరు, మా ఊరి పద్ధతి వేరు. ఎటు నుంచి పంచాలన్న దాని మీద ఆవిడా అన్నయ్యా వాదించుకునేవాళ్ళు. టీచరుతో వాదించి బతికిన పిల్లవాడు ఆ బడిలో అతనొక్కడే.

ఆ గుంటల మీదే ఇప్పుడు అన్నయ్య టైల్సున్నాయి. నీతో ఆడుతున్నప్పుడే నాకది తట్టింది. కానీ వాటి పేరెత్తితే ఫలకం పేరెత్తినట్టే. వారమంతా ఎత్తాలా వద్దా అని అటూ ఇటూ అయ్యాను.

రెండో మీటింగులో ఆ అమ్మాయి స్వాగతాలన్నీ చేతులు జోడించి ఆపేసింది. వచ్చీరాని తెలుగులో మళ్ళీ అదే అడిగింది. అందరికీ తెలుసు, దాత ఎదురుగా ఉన్నాడు, ఎవరు పలుకుతారు? కార్యదర్శి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఇంతలో నువ్వు నా చెయ్యి మీద తట్టి, ఎర్ర గుర్తు నొక్కి, "యు ఆర్ ఆన్, అమ్మమ్మా," అన్నావు. నేనింకా ఏదీ తేల్చుకోలేదు. నోరు తెరిస్తే అదే వచ్చింది.

"వెనక వసారాలో వామనగుంటలు ఉన్నాయమ్మా. ఫ్రెంచి మదాం ఉండగా గచ్చులో నొక్కించినవి. నేను వాటి మీద ఆడాను. టైల్సు కింద చూస్తే ఉంటాయి."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. రెండు వరసల గుంటలు, చింతగింజలు అని చేత్తో చూపించాను. "పల్లాంగుళియా?" అంది. మదాం కూడా తన తమిళంలో ఆ మాటే అనేది. ఎన్నేళ్ళకి విన్నానో. అవునమ్మా, అదే అన్నాను.

"ఎక్కడ తీయించి చూడాలి? వసారా మొత్తం పగలగొట్టలేం కదండీ," అంది.

"ఎడమ వైపు చివరి స్తంభం దగ్గర," అన్నాను.

అన్నయ్య బొమ్మ చుట్టూ పచ్చ గీత వెలిగింది.

"ఎడమ ఏంటే? ఎడమ వైపు నీళ్ళ కుండ ఉండేది. కుండ దగ్గర కూర్చుని ఆడతారా ఎవరైనా? కుడి వైపు. గోడ నుంచి రెండో స్తంభం," అన్నాడు.

అనేశాక తెలిసింది అతనికి, తనేమన్నాడో. తెర మీద అన్ని మొహాలూ ఫొటోల్లా ఉండిపోయాయి. నెట్టు ఆగిపోయిందేమో అనుకుని నువ్వు వైరు కదిపావు.

ఆ అమ్మాయి తల వంచుకుని రాసుకుంటూ, "కుడి వైపు, రెండో స్తంభం," అంది. తర్వాత తలెత్తి, "సార్, అయితే ఆ గచ్చు మీ చిన్నప్పటిదే," అంది.

అన్నయ్య గడ్డం రుద్దుకున్నాడు. "గచ్చు మా చిన్నప్పటిది. గోడలు మా నాన్న చిన్నప్పటివి. నేను పైన రేకులు వేయించాను," అన్నాడు. "రేకులూ, టైల్సూ. అంతే."

మీ అమ్మ తర్వాత నన్ను అడిగింది, కావాలనే ఎడమ అన్నావా అని. అన్నయ్యకి తప్పు చెప్తే ఊరుకోలేని గుణం ఉందని తెలిసి అన్నావా అని. లేదే తల్లీ. నిజంగానే మర్చిపోయాను. అన్నేళ్ళు కళ్ళు మూసుకుంటే కనబడ్డ వసారా అది, కుడేదో ఎడమేదో తప్పు చెప్పాను. దానికి నాకు ఇప్పటికీ దిగులుగానే ఉంది. నీకు చెప్తున్న వాటిలో ఇంకెన్ని అటుదిటు అయ్యాయో. అందుకే తప్పులుంటే అన్నయ్యని అడగమని చెప్తున్నాను.

ఆ తర్వాత వారం పది రోజులు అన్నయ్య ఫోను ఎత్తలేదు. ఊళ్ళో కర్ఫ్యూ, పొద్దున కాసేపే బయటికి వదిలేవాళ్ళు. ఒక రోజు వీడియో వచ్చింది. మాస్కు గడ్డం కిందకి లాక్కుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు అన్నయ్య. తాపీమేస్త్రి ఉలితో టైలు లేపుతున్నాడు. "నిదానం, నిదానం. కింద ఉన్నదానికి తగిలితే నీ వేలు నరుకుతా," అంటున్నాడు అన్నయ్య. టైల్సు, దాని కింద సిమెంటు, దాని కింద సన్నటి ఇసుక. చీపురుతో ఊడిస్తే మొదటి గుంట వచ్చింది. అన్నయ్య కుర్చీలోంచి వంగి, అందులో బొటనవేలు పెట్టి చూశాడు. మొత్తం రావడానికి రెండు పొద్దులు పట్టింది. సిమెంటు దిగి నాలుగు గుంటల అంచులు చెక్కుకుపోయాయి. మిగతావి బాగానే ఉన్నాయి.

వెనక గదులు ఉంచుతున్నామని ఆ అమ్మాయి చెప్పింది. గోడలకి పూసిన సిమెంటు తీసేసి మళ్ళీ సున్నం పూస్తారట, సిమెంటు వేస్తే పాత గోడ లోపలి చెమ్మ బయటికి రాలేక కుళ్ళిపోతుందట. పని మాత్రం మొదట్లోనే ఆగింది. కూలీలు లేరు, సున్నం లేదు, సంతకం పెట్టాల్సినాయన క్వారంటైనులో ఉన్నాడు. రేకులూ, గోడల సిమెంటు కొంతా తీశారు, వానలొచ్చాయి, ఇప్పుడు పైన నీలం టార్పాలిను కప్పి ఉంది. నిలబడి ఉంది, అంతవరకే. నాలాగే.

నిన్న అన్నయ్య తనే ఫోన్ చేశాడు.

"ఏమే, తిన్నావా?"

"తిన్నాను. ఫలకం ఏం చేశారు?"

"సిమెంటుతో పాటే ఊడొచ్చింది. పారేద్దామంటే అమ్మా నాన్నల పేర్లు. నేల మీద పెట్టలేను, గోడకి తగిలించలేను."

"మరి?"

"నువ్వొస్తే పడుకునే మంచం ఖాళీగా ఉంది కదా. దాని మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాను."

"నేనొస్తే ఎక్కడ పడుకోను?"

"ముందు రా," అన్నాడు. "వస్తే ఇద్దరం పట్టుకుని దించుదాం. నా ఒక్కడి వల్ల కాదు, బరువుంది."

ఇంక చాలు, ఫోను ఆపు. మీ నాన్న మీటింగు అయిపోయినట్టుంది, కుక్కరు పెట్టాలి.